ఊళ్ళో కాలేజీ

"ఊళ్ళో కాలేజీలో సీటు ఎలాగూ ఖాయం. మిగతావాటికోసం ఈ హడావుడంతా ఎందుకే?" అన్నాడు మా ఆయన డ్వేన్, టీవీలో ఫుట్‌బాల్ మీంచి చూపు తిప్పకుండా. నేను వాళ్ళమ్మ దుప్పట్లు మడతపెడుతున్నాను. ఆదివారం సెలవని ఎవరన్నారో గానీ మా ఇంటికొచ్చి చూడలేదు.

మా అమ్మాయి కేలా వంటింటి బల్ల దగ్గర కాలేజీల పేర్లు రాసుకుంటోంది. ఆశపడేవి కొన్ని, మార్కులకు తగినవి కొన్ని, ఏమైనా సరే సీటిచ్చేది ఒకటి. ఆ చివరిదాన్నే అన్నిటికంటే జాగ్రత్తగా ఎంచుకోమని స్కూల్లో కౌన్సెలర్ చెప్పిందట. ఇంకెక్కడా రాకపోతే నాలుగేళ్ళు ఇష్టంగా చదవాల్సింది అక్కడే కదా. ఈరీ సరస్సు ఒడ్డున రాళ్ళేరుతూ పెరిగిన పిల్ల, భూగర్భశాస్త్రం తప్ప ఇంకేదీ చదవనంటుంది. తీరా చూస్తే ఆ చివరి గడిలో ఊళ్ళో కాలేజీ పేరు రాసింది.

"ఇక్కడ నీ సబ్జెక్టే లేదు కదే!"

"సీటొస్తుంది కదమ్మా."

"వచ్చి ఏం చదువుతావు?"

తలెత్తలేదు. "అకౌంట్సో ఏదో. నాన్నమ్మని డయాలిసిస్‌కి తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరుండాలిగా. అమ్మ ఒక్కతే ఎన్నని చేస్తుందని నాన్న అన్నాడు."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. పళ్ళ డాక్టరు దగ్గర నా కౌంటరు పని మధ్యలో వదిలేసి, అక్కడందరూ మూతి ముడుస్తుంటే, వారానికి మూడుసార్లు పరిగెత్తక్కర్లేదు. "మెల్లగా నడుపు, నీకన్నీ తొందరే" అన్న అత్తగారి మాట ఇంకొకరు పడతారు. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కూడా నన్ను చూసి ఇలాగే ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య, మంచాన పడ్డ మీ మామగారిని చూసుకోడానికి ఇంకో చెయ్యి వచ్చింది" అంది. నేనేమో ఆ మాటకు మురిసిపోయి, సగంలో ఉన్న నర్సింగ్ కోర్సు వదిలేశాను. అత్తగారి చేతిలోంచి నా చేతికి, నా చేతిలోంచి ఇప్పుడు దీని చేతికి. మధ్యాహ్నం మూడింటికే డ్యూటీ దిగి సోఫాలో వాలే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"కళ్ళు మూసుకుని సీటిచ్చే కాలేజీ, రాళ్ళ చదువున్నది, ఇంకెక్కడా లేదా?"

"ఉంది. ఆరుగంటల దూరం. నాకు భలే నచ్చింది, కానీ..."

"ఊళ్ళోది కొట్టేసి అది రాయి."

"మరి నాన్నమ్మ?"

వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"ఏంటిది, తప్పుకో!" అన్నాడు డ్వేన్.

"మంగళవారం నుంచి మీ అమ్మని డయాలిసిస్‌కి నువ్వే తీసుకెళ్తున్నావు."

జోకనుకుని నవ్వాడు. నేను కదలకపోయేసరికి నవ్వు ఆగింది.

"నేనా? అది ఎక్కడుందో కూడా నాకు తెలీదే!"

"రెండేళ్ళుగా వెళ్తోంది. దారి మీ అమ్మ చెబుతుంది" అన్నాను.