ఏ పాయకి

బంగార్రాజు సంచిలో రెండు లుంగీలు, నైలాను దారపుండ, ఆవకాయ సీసా సర్దాను. సీసా మూతి మీద గుడ్డ కట్టి, ఊడుతుందేమోనని విప్పి మళ్ళీ కట్టాను. వాడు నా తమ్ముడు, నాకన్నా బాగా చిన్న. అమ్మ పోయాక వన్ టౌన్‌లో ఎండుచేపలు అమ్ముకుంటూ నేనే పెంచాను.

"సీసాకి ఉరేస్తున్నావా అక్కా?" అన్నాడు.

వాడి భార్య పేరమ్మ నవ్వింది.

"ఎగువ వానలకి కృష్ణ ఎర్రగా దిగుతోంది. ఆ నీళ్ళు సముద్రంలో కలిసేచోట చేప మూగుద్ది. నీ పుస్తకంలో రాయలేదా?" అన్నాడు వాడు, గూట్లో ఉన్న నా భూమి పుట్టుక పుస్తకం చూపిస్తూ.

"నేను చదివింది చేపలు పుట్టకముందు సంగతిరా. వానలు కొండల్ని అరగదీస్తే రాళ్ళలో భాస్వరం ఏళ్ళలో పడి సముద్రం చేరింది. అది తిని కంటికి కనబడని పచ్చటి జీవులు పెరిగాయి. అవి వదిలిందే మనం పీల్చే ప్రాణవాయువు."

"అయితే బురదకి దణ్ణం పెట్టి వలేస్తాలే."

"పూర్తిగా విను. అవి చచ్చి కుళ్ళితే వదిలిన గాలంతా ఆ కుళ్ళుకే ఖర్చయిపోతుంది. ఒండ్రు కింద పూడిపోయినవి కుళ్ళలేదు. అందుకే గాలి మిగిలింది."

"నువ్వు చెప్పేలోపు నా బస్సు మిగల్దు" అంటూ సంచి భుజాన వేసుకున్నాడు.

కృష్ణ సముద్రం దగ్గర పాయలుగా చీలుతుంది. ఒక పాయ నోటి నుంచి ఇంకోదానికి పోవాలంటే పడవ కావాలి. ఏ పాయకి వెళుతున్నాడో అడగబోయి నోరు తెరిచాను. పేరమ్మ నా చెయ్యి గిల్లింది.

"అడగమాకు వదినా. బయల్దేరే మనిషిని ఎక్కడికంటే కలిసిరాదు."

అందుకని అందరూ అడిగినట్టే అడిగాను. "దూరమా?"

"దగ్గరే" అన్నాడు.

వేటకెళ్ళే ఇళ్ళలో ఆ మాటకి జవాబు అదొక్కటే. చీరాల వెళ్ళేవాడూ దగ్గరే అంటాడు, పారాదీప్ వెళ్ళేవాడూ దగ్గరే అంటాడు.

వాడు వెళ్ళిన రెండ్రోజులకి ఉప్పెన వచ్చింది.

దారులు తెరుచుకున్నాక పేరమ్మా నేనూ లారీ మీద అవనిగడ్డ చేరాం. తప్పిపోయినవాళ్ళ పేర్లు రాసుకునే డేరాలో ఒక ఆఫీసరు కూర్చుని ఉన్నాడు.

"మీవాడు ఎక్కడికెళ్ళాడు మామ్మగారూ?"

"వేటకండీ."

"అదే, ఏ పాయకి? తూర్పు పాయకా, పడమటి పాయకా?"

పేరమ్మ నా వంక చూసింది.

"దగ్గరే అన్నాడండీ."

ఆయన కలం కింద పెట్టాడు. "ఎక్కడని వెతికించమంటారమ్మా?"

డేరా బయటికి రాగానే పేరమ్మ చెయ్యి పట్టుకున్నాను. నన్ను గిల్లిన చెయ్యి. విరిచేయాలనిపించింది.

"నీ శకునం కాపాడిందా నీ మొగుణ్ణి?"

"మీ ఇంట్లో మాత్రం అడుగుతారా ఏంటి వదినా?" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. నా మీద కోపమే ఉంది.

దొరికిన పడవల్లో ఒకో పాయ గట్టూ తిరిగాం. చేలూ ఇళ్ళూ గొడ్లూ ఒకటే ఒండ్రు కింద ఉన్నాయి. ఎక్కడ తవ్వమని ఎవరినడగాలి?

ఇంటికొచ్చి ఆ పుస్తకం తీశాను. పూడిపోయినవాటి మూలాన గాలి మిగిలిందని ఒక్క వాక్యంలో, ఎంతో నింపాదిగా రాశారు. అందులో తప్పేమీ లేదు. అందుకే ఒళ్ళు మరీ మండింది. పుస్తకం మూసేశాను.

మా తమ్ముడు బంగార్రాజు 1977 నవంబరు పదిహేడు, గురువారం పొద్దున ఇల్లు వదిలాడు. తిరిగి రాలేదు.