కనీస బరువు

ఎడమ చెయ్యి భార్య వీపు కిందికి, కుడి చెయ్యి మోకాళ్ల కిందికి పోనిచ్చి పిచ్చేశ్వరరావు ఆగాడు. "ఊఁ," అంది సరోజిని. తిప్పమని అర్థం. గోడవైపు తిప్పి, వీపుకి పౌడరు అద్ది, మేకుకి వేలాడే నోటుబుక్కులో ‘9 – ఎడమ’ అని రాశాడు. దాని కింద 12, 3, 6 ముందే వేసి ఉన్నాయి. పదకొండేళ్లుగా రాత్రనక పగలనక మూడు గంటలకోసారి ఇదే పని. తప్పితే పుండ్లు పడతాయి.

"పక్కింటి దయామణి రెండు రోజులూ చూసుకుంటానంది. మళ్లీ మనసు మార్చుకోకండి. మీ చుక్కని అడిగానని చెప్పండి," అంది సరోజిని.

మంచం కింద సంచీ సర్ది ఉంది. సాయంత్రం ఏడింటికి హైదరాబాదు బస్సు. బందరు కాలేజీ ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా కటకాలు తుడుస్తున్న మనిషిని సెమినారుకి రమ్మనడమేమిటి, విడ్డూరం కాకపోతే! కానీ లెక్క అతనిదే మరి. లెక్చరర్ ఉమాదేవి జిరాక్స్ తీయించి ఇచ్చిన అంకెలతో, ఎక్కడో ఉన్న నక్షత్రం ఊగిసలాటని మూడేళ్లు కాలిక్యులేటరు అరిగేలా లెక్కకట్టాడు. దాని చుట్టూ ఉందని ముందే తెలిసిన గ్రహం లాగుడుని లెక్కలోంచి తీసేసినా అది ఇంకా ఊగుతూనే ఉంది. అంటే కనబడని రెండో గ్రహం ఉంది. పదకొండేళ్లలో పక్కనున్న గూడూరు దాటని మనిషి, ఆ గ్రహం నక్షత్రాన్ని ఒక చుట్టు తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పగలడు. ఈ ఒక్కసారి వెళ్లి తీరాలనుంది అతనికి.

"కనిపించనిదానికి బరువెలా కట్టారు సార్?" అని ఆ పూట ల్యాబులో మాధురి అనే స్టూడెంటు అడిగింది.

"అది లాగితేనే కదమ్మా నక్షత్రం ఊగేది. ఆ ఊపుని బట్టి. కాకపోతే కక్ష్య ఎంత వాలుగా ఉందో మనకి తెలీదు. అందుకని వచ్చేది కనీస బరువే. అసలుది ఇంకా ఎక్కువుండొచ్చు."

చెబుతూనే, పన్నెండు కావస్తోందని సైకిలు తాళం తీసుకున్నాడు.

పన్నెండింటికి ఆమెని కుడివైపు తిప్పి రాశాడు. "తెల్లచొక్కా వేసుకెళ్లండి," అంది.

మూడింటికి చేతులు కిందికి పోనిచ్చి ఆగాడు. "ఊఁ" రాలేదు. ఇంకాసేపు ఆగాడు. అయినా తిప్పాడు. పౌడరు కూడా అద్దాడు. ఇక ఎక్కడికైనా వెళ్లొచ్చు అన్న మాట మనసులో మెదిలింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుని మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు.

కబురు తెలిసి ఉమాదేవి వచ్చింది. గ్రాఫు చుట్ట ఆమె చేతిలో పెట్టాడు. "మీరు వెళ్లి రండి మేడమ్."

పొద్దు వాలకముందే లేపారు. "ఏముందండీ పాపం, పాతిక కేజీలుండదు," అన్నాడు పాడె ఎత్తిన సత్తిబాబు.

"అది కనీసమయ్యా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

మతి చలించిందనుకున్నారు. ఉమాదేవి మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్నానం చేసి తడిబట్టలతో అరుగు మీద కూర్చున్నవాడు, ఆరు దాటిందని గుర్తొచ్చి గబుక్కున లేచి లోపలికి పరుగెత్తాడు. ఖాళీ మంచం పక్కన మేకుకి నోటుబుక్కు వేలాడుతోంది. ‘12 – కుడి’ కింద 3, దాని కింద 6, వాటి పక్కన ఏమీ రాసి లేదు.