ఏడో నంబరు బోనులో అట్టగొట్టం

పరిశోధనశాలలో ఎలుకల బోన్లు కడిగే పని ఆమెది. పన్నెండింటిలో ఏడో నంబరంటే ఆమెకు ప్రాణం. మూత తియ్యగానే మిగతావి పైకి ఎగబాకుతాయి. అది మాత్రం మూలకు కరుచుకుపోయి వణుకుతుంది.

ఆ వణుకు ఆమెకు తెలుసు. బిడ్డ పుట్టి ఐదు నెలలైనా గుండెదడ తగ్గలేదు. కిటికీ గొళ్ళెం వేసి పది అడుగులు వెళ్తే చాలు, వేశానో లేదోనని మళ్ళీ వెనక్కి. బిడ్డ అందులోంచి పడిపోయినట్టు కళ్ళకు కట్టేది. అత్తగారు శుక్రవారం దాకా గడువు పెట్టింది. "ఇదే వాలకమైతే పిల్ల మా అమ్మాయి దగ్గర పెరుగుతుంది. నువ్వు ఆ గొళ్ళేన్నే పెంచుకో."

ఒకరోజు పరిశోధన చేసే మేడమ్‌ని అడిగింది. "ఇది ఒట్టి పిరికిదా మేడమ్?"

"పిరికితనం కాదమ్మా. ఆడ హార్మోన్ వచ్చి కూర్చోడానికి మెదడులో పీటల్లాంటివి ఉంటాయి. రిసెప్టర్లంటాం. వాటిలో ఒక రకం మీద అది కూర్చుంటే సెరొటోనిన్ అనే రసాయనం ఊరుతుంది, మనసు కుదుటపడుతుంది. దీనికి ఆ పీటలు మందుతో మూసేశాం. హార్మోన్ ఉంది, కూర్చునే చోటే లేదు."

"మనుషులకీ ఇంతేనా?"

"పీటలు మనకీ ఉంటాయి. కాన్పయ్యాక హార్మోనే ఒక్కసారిగా పడిపోతుంది. కొందరికి భయం పట్టుకుంటుంది." మేడమ్ ఆమె మొహంలోకి చూసింది. "నీకా? శుక్రవారం డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా. మీ ఇంట్లోనూ నేనే చెప్తా."

సగం బరువు దిగిపోయింది. ఆ సంతోషంలోనే ఏడో నంబరు మీద జాలి పొంగింది. చేతులు తుడుచుకునే కాగితం చుట్ట అయిపోగా మిగిలిన అట్టగొట్టాన్ని దాని బోనులో పెట్టింది. ఎలుక అందులో దూరి వణకడం మానింది.

శుక్రవారం పరీక్ష. కూడలిలా నాలుగు దారులున్న ఎత్తు బల్ల. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయమున్న ఎలుక గోడల మధ్యే ఉండిపోవాలి. ఏడో నంబరు మీసాలాడిస్తూ గోడల్లేని దారి చివరిదాకా నడిచింది.

మేడమ్ బోను వెతికి గొట్టం పైకి తీసింది. "ఎవరు పెట్టారిది?"

"నేనే. దాక్కుంటుందని."

"మందు పనిచెయ్యలేదో, గొట్టం పనిచేసిందో ఇప్పుడెలా తెలుస్తుంది? మిగతా వాటిలో ఏం పెట్టావో ఎవరికి తెలుసు? మూడు నెలల పని మట్టిపాలు."

పరీక్షకు పనికిరాని ఎలుకను ఉంచరు. చంపే గదిదాకా బోను ఆమే మోసుకెళ్ళి ఇచ్చింది. తిరిగొచ్చేసరికి మేడమ్ అటు తిరిగి ఏదో రాసుకుంటోంది.

"రేపట్నుంచి రావద్దు."

డాక్టరు మాట ఎత్తలేదు. ఆమె అడక్కుండానే బయటికొచ్చింది.

ఇంట్లో ఆడపడుచు పిల్ల బట్టలు సంచీలో సర్దుతోంది. ఆమె, మేడమ్ చెప్పిన పీటల సంగతి తనకు వచ్చినట్టు చెప్పింది.

అత్తగారు నవ్వింది. "ఎలకల్ని కడిగీ కడిగీ ఎలక జబ్బు తెచ్చుకున్నావా తల్లీ? పిల్లకి అంటకముందే పంపడం మంచిదయింది."

భర్త సంచీ జిప్పు లాగాడు. "నీకు బాగయ్యాక తెచ్చుకుందాంలే."

"ఎవరు బాగుచేస్తారు?"

ఆడపడుచు బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ ఏడుపు మెట్ల మీదుగా దిగిపోయింది.

ఆమె గదిలోకి వెళ్ళి కిటికీ గొళ్ళెం చూసింది. వేసే ఉంది. పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. పడిపోవడానికి గదిలో ఇప్పుడు ఎవరూ లేరు.