తల్లీ, దిగనా?

బెలెం పట్నం రేవు పక్కన పాత గోదాము నేలంతా ఆ సాయంత్రం వాగై పారుతోంది. నీళ్ళు లేవు, ఉన్నదంతా వెలుగే. కాలు పెడితే అలలు లేస్తాయి, చేపలు కదులుతాయి. కంప్యూటర్లతో దాన్ని కట్టింది జురేమా. ఊరంతా వచ్చినా, కట్టింది మాత్రం ఒక్క మనిషి కోసం. మేనత్త బెనెదీతా పుట్టిపెరిగిన వాగు అది. అసలు వాగును పామాయిల్ తోటలవాళ్ళు ఎప్పుడో పూడ్చేశారు. అత్త పడవెక్కి వస్తోంది. ఆమె వచ్చేసరికి వాగు బతికి ఉండాలి.

ఆ వాగుల మనుషులు నీళ్ళలో దిగేముందు నీటితల్లిని అడుగుతారు, "తల్లీ, దిగనా?" అని. ఈ వెలుగు వాగులోనూ ఆ మాట వినబడితే చేపలు కాళ్ళ చుట్టూ చేరతాయి. అడక్కుండా దిగితే కాలి కింద చేప చచ్చి తేలుతుంది, నీళ్ళు నల్లబడతాయి. చచ్చింది ప్రదర్శన రోజులన్నీ ముగిసేదాకా మళ్ళీ పుట్టదు. జురేమా అలా అమర్చి, సంగతంతా గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో రాయించింది.

చదవనివాడు లేడు. మొదట ఒకరిద్దరు ముద్దుముద్దుగా అడిగారు కూడా. ఇంతలో, ఖర్చు భరించిన కంపెనీ పెద్దమనిషి ఎవెరాల్దో పొరపాటున ఒక చేపను తొక్కాడు. అది వెండిలా మెరిసి, వెల్లకిలా తేలింది.

"అబ్బ! చావడమే బాగుందర్రా!" అన్నాడు.

ఒక గొర్రె దూకితే మందంతా దూకినట్టు అందరూ దిగారు. మెరుగు బూట్లు, ఎత్తుమడమల చెప్పులు, టకటకా తొక్కుడే తొక్కుడు. ఒకావిడ గ్లాసులో సారా ఒలకబోసుకుంటూ, "నాకు పెద్దది దొరికిందోచ్!" అని గెంతింది. జురేమా ఎవెరాల్దో దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఒక్క మాట అడిగి దిగండి. నోరేమైనా అరిగిపోతుందా?"

"అడిగితే ఏముందమ్మాయ్, వచ్చి కాళ్ళు నాకుతాయి. తొక్కితేనే మజా. అయినా బొమ్మలేగా! అవునూ, మళ్ళీ నింపే మీట ఎక్కడ?"

"లేదండీ."

"లేకపోతే పెట్టించు. రేపు ఉత్తి నేల చూడ్డానికి ఎవడొస్తాడు?"

ఛీ, అనుకుంది జురేమా. అసలు వాగును పూడ్చినవాళ్ళూ ఇలాగే ఇకిలించి ఉంటారు. అందమైన చావు గీసిపెట్టింది తనే కదా అని గుర్తొచ్చి, ఆ రోత తన మీదికీ పాకింది.

గోదాము నల్లబడిపోయింది. గోడవారగా ఒక్క చారల చేప మిగిలింది. అప్పుడే గుమ్మంలో బెనెదీతా, కర్రపెండలం పిండి సంచి దించి, చెప్పులు విడుస్తూ కనబడింది. ఇవతల ఎవెరాల్దో ఆ చేప మీదికి బూటు ఎత్తాడు.

"ఆగరా, వెధవా!"

జురేమా ఒక్క పరుగున వెళ్ళి రెండు చేతులా తోసింది. పెద్దమనిషి గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. బూటు చేపకు తగల్లేదు. ఇదీ ఆటే కాబోలనుకుని జనం చప్పట్లు కొట్టారు.

బెనెదీతా నేల అంచున వంగి, నల్లటి వెలుగును వేళ్ళతో తాకింది. "తల్లీ, దిగనా?"

కాసేపు చూసింది. ఏదీ రాలేదు.

"ఒక్కటీ రాదేమే, పిల్లా? నువ్వు అడిగే దిగావుగా?"

జురేమా కిందికి చూసుకుంది. చారల చేప ఆమె పాదం కింద వెండిలా మెరిసి, వెల్లకిలా తిరుగుతోంది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.