సగం నెరిసిన వెంట్రుక

జైన ముని ధీరనంది స్వామి వరసగా ఆరు రోజులు కొండ దిగి మా ఊళ్ళోకి వచ్చారు. ఆరు రోజులూ మెతుకు ముట్టకుండా తిరిగి కొండెక్కారు. ఏడో రోజు కూడా అలాగే వెళ్ళిపోతే ఇక దిగిరారని ఊరందరికీ తెలుసు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. రోజుకు ఒక్కపూట, నిలబడి, దోసిట్లో పెట్టింది తింటారు. కాళ్ళు ఒంటిని మోసినన్నాళ్ళే ఒంటికి అన్నమని, మోయలేని రోజున అన్నం పూర్తిగా మానేస్తానని ఎప్పుడో చెప్పారు. అన్న మాట మీద నిలబడే మనిషి. మా భయమంతా అదే.

నా పేరు మాళబ్బె. మిరియాల వ్యాపారుల ఇంటి పెద్ద కోడలిని. కొండ మెట్లు దిగగానే వచ్చే మొదటి వీధి మాది. స్వాములకు ఊళ్ళో మొదట కనబడే గడప నాదే. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేదాన్ని, అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని. నా నోరు అలాంటిది.

స్వామి వయసులో ఉన్నప్పుడు రాజుల సభల్లో వాదించేవారట. ఏ మతం వాడు ఎదురుపడినా నోరు మూయించి పంపేవారట. ఒకసారి ఆయన చేతిలో ఓడిపోయిన ముసలి పండితుడు సిగ్గుతో ఊరొదిలి, దారిలో చచ్చిపోయాడు. ఆ కబురు విన్నాక స్వామి మళ్ళీ సభ గడప తొక్కలేదు. మా కొండ మీది గుహలో కూర్చుని పుస్తకం మొదలుపెట్టారు. ఆయన చెప్పడం, శిష్యులు తాటాకుల మీద గీయడం. పదకొండేళ్ళుగా సాగుతోంది. ఇంకా ఒక్క అధ్యాయం మిగిలి ఉంది. అది ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు.

మధ్యాహ్నాలు ఆయన బండ మీద కూర్చుంటే మేమూ వెళ్ళి వినేవాళ్ళం. ఏ మాట చెప్పినా ముందు 'ఒక విధంగా' అని చేర్చమనేవారు. ఒకనాడు నాకు విసుగు పుట్టింది.

"అదేం మాట స్వామీ. అటూ కాకుండా ఇటూ కాకుండా. మా ఇంట్లో పనిమనిషి అలాగే మాట్లాడుతుంది, పాలు ఎందుకు పొంగాయే అంటే," అన్నాను.

ఆయన నవ్వారు. "మీ ఇంటి పెరట్లో గోడ ఉంది కదమ్మా. ఎవరు కట్టారు?"

"నా తోడికోడలు కట్టించింది."

"ఆవిడనడిగితే?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

"ఆవిడ నీ పేరు చెబుతుంది. తాపీవాణ్ణడిగితే నేనే కట్టానంటాడు. ఉడతనడిగితే గోడేమిటి, అది నా దారి అంటుంది. ఒక విధంగా అనడం అంటే జారుకోవడం కాదమ్మా. నేను ఎక్కడ నిలబడి చూస్తున్నానో ఒప్పుకోవడం. అది ఒప్పుకోకుండా చెప్పింది నిజమైనా సరే, సగం అబద్ధమే."

ఆ పూట ఇంటికొచ్చి గోడ మీది ఉడతను రాయి విసిరి తరిమాను. రాయి తగల్లేదులెండి. తగిలితే ఆ పాపం కూడా నా లెక్కలోనే పడేది.

ఇక ఈ ఆరు రోజుల సంగతి. స్వాములు భిక్షకు బయల్దేరే ముందు మనసులో ఒక నియమం పెట్టుకుంటారు. ఫలానాది కనబడిన గడపలోనే తింటాను, లేకపోతే లేదు అని. అదేమిటో ఎవరికీ చెప్పరు. ఒకరు రెండు మామిడిపళ్ళనుకుంటారు, ఒకరు ఎర్ర ఆవు అనుకుంటారు. ఏ పూటకాపూట దొరికిపోతుంది మామూలుగా. స్వామిది ఈసారి దొరకలేదు.

మొదటి రోజు అందరం ఎప్పటిలాగే ఉతికిన బట్టలతో, చేతిలో నీళ్ళ చెంబు, దాని మీద కొబ్బరికాయతో గడపల్లో నిలబడ్డాం. ఆయన భిక్షకు వచ్చిన గుర్తుగా కుడిచేతి వేళ్ళు భుజానికి ఆనించుకుని, నేల చూసుకుంటూ వీధంతా నడిచారు, తిరిగి వెళ్ళిపోయారు. రెండో రోజు మా ఊరి పెద్ద బొప్పణసెట్టి రంగంలోకి దిగాడు. ఇంటింటికీ ఒక్కో వస్తువు పంచాడు. ఒకరికి చెరుకుగడ, ఒకరికి అరటిగెల, ఒకరికి తామరపువ్వు. మూడో రోజు మొగుడూ పెళ్ళాలు జంటగా నిలబడాలన్నాడు. మా మగవాళ్ళు మిరియాల కోసం ఎడ్లు తోలుకుని పడమటి కనుమలకు పోయారు కనుక నాకు ఆ అదృష్టం లేదు. నాలుగో రోజు దూడలు, ఐదో రోజు అద్దాలు. ఆరో రోజు ఒకావిడ ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో దీపం, చంకలో మనవడు, మెడలో పూలదండతో నిలబడింది. స్వామి వచ్చేసరికి మనవడు దీపం లాగాడు. పెద్ద గోలయింది.

నవ్వు వచ్చే సంగతే. కానీ ఆ రోజు తిరుగుదారిలో స్వామి మెట్ల దగ్గర ఆగి, బండకు చెయ్యి ఆనించి, చాలాసేపు నిలబడిపోయారు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. అంత చదివిన మనిషికి, కాస్త తేలిగ్గా దొరికేదేదో అనుకోకూడదా అని.

ఆ మధ్యాహ్నం బొప్పణసెట్టి మా వాకిట్లోకి వచ్చాడు. పక్క వాకిట్లో నిలబడి ఉన్న నా తోడికోడలు ఏచవ్వకు వినబడేలా మాట్లాడాడు.

"అమ్మా ఏచవ్వా, ఏమనుకోకు. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు. మూడేళ్ళ కిందట నీ వెంట్రుక స్వామి దోసిట్లో పడింది కదా. ఆ దోషం ఈ వీధికి తగులుకుంది. ఆయన భోంచేసేదాకా నువ్వు పుట్టింటికి పోయి ఉంటే మంచిది."

ఏచవ్వ "రేపు పొద్దున్నే వెళ్తాను," అంది.

ఆ వెంట్రుక సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట గోడ లేదు, వంట ఒక్కటే. స్వామి మా గడపలో నిలబడ్డారు. నేను అన్నం పెడుతున్నాను, ఏచవ్వ నీళ్ళు పోస్తోంది. ఐదో ముద్దలో వెంట్రుక కనబడింది. వెంట్రుక కనబడితే ఆ పూటకు ఇక అన్నం లేదు, మర్నాటిదాకా మంచినీళ్ళు కూడా లేవు. ఆయన దోసిలి విప్పేశారు. అంతా కింద పడింది. అందరూ ఏచవ్వ తల వైపు చూశారు. దానికి మోకాళ్ళదాకా జడ. ఏ పేరంటంలోనైనా ముందు దాని జడ గురించే మాట్లాడతారు. నేను కూడా చూశాను దాని వైపే. "ఎన్నిసార్లు చెప్పానే, తల గట్టిగా కట్టుకోమని," అన్నాను అందరి ముందూ.

తర్వాత నేల తుడుస్తుంటే ఆ వెంట్రుక నా చేతికి వచ్చింది. సగం నల్లగా, సగం తెల్లగా ఉంది. ఏచవ్వ తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. నాకు అప్పటికే చెవుల దగ్గర నెరుస్తోంది. దాన్ని తీసుకెళ్ళి పెరట్లో మట్టిలో తొక్కేశాను. ఎవరికీ చెప్పలేదు. ఏచవ్వ ఆ రోజు నుంచి స్వాముల కోసం గడపలో నిలబడలేదు. ఏడాది తిరక్కుండా గోడ లేచింది. నేనేమో మూడేళ్ళుగా రోజూ చెంబు పట్టుకుని, మనసు శుద్ధం, మాట శుద్ధం, ఒళ్ళు శుద్ధం, అన్నం నీళ్ళు శుద్ధం అని స్వాములకు చెబుతూనే ఉన్నాను. పిలిచేవాళ్ళు ఆ నాలుగూ చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు లోపలికి రారు. సిగ్గు లేకపోతే ఎన్ని మాటలైనా నోట్లోంచి వస్తాయి.

ఏడో రోజు పొద్దున్నే తలస్నానం చేశాను. పెసరపప్పు వండాను, నెయ్యి కాచాను, నీళ్ళు మరిగించి వడగట్టి చల్లార్చాను. ఏది ఏమైనా ఈ రోజు ఆయన తినాలి, నా గడపలోనే తినాలి అని పంతం పట్టాను. బయటికి వస్తే పక్క గడపలో ఏచవ్వ ఉంది. అదీ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంది, ప్రయాణానికి. చేతిలో బట్టల మూట. స్వామి వీధి దాటేదాకా దారికి అడ్డురాకూడదని ఆగింది.

ఆయన మెట్లు దిగారు. చివరి మెట్టు మీద మోకాలు వణికింది. బొప్పణసెట్టి ఆ రోజు నాకు చెంబు మీద ఐదు రకాల ఆకులు పెట్టించాడు. స్వామి నా గడప ముందుకు వచ్చారు.

"ఇక్కడ నిలవండి స్వామీ, నిలవండి," అన్నాను. "మనసు" అన్నాను. ఆ తర్వాతి మాట రాలేదు. పక్కన మూట కనబడుతోంది నాకు.

ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. వెళ్ళిపోతున్నారు. నేను చెంబు దించి గడప పక్కన పెట్టేశాను.

"చెంబు ఎత్తుకో, చెంబు," అన్నాడు బొప్పణసెట్టి పళ్ళ మధ్య నుంచి.

"ఎత్తుకోను. స్వామీ, నా ఒళ్ళు శుద్ధం. అన్నం నీళ్ళు శుద్ధం. మనసు కాదు, మాట కాదు. మూడేళ్ళ కిందట మీ దోసిట్లో పడిన వెంట్రుక నాది. సగం నెరిసి ఉంది, నా చేత్తో తీశాను, నా చేత్తో దాచాను. ఏచవ్వ మీదికి తోశాను. దాన్ని ఊళ్ళోంచి పంపేస్తున్నారు. పంపాల్సింది నన్ను."

నా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. జోడించాలని కూడా తోచలేదు, అలా వేలాడుతున్నాయి.

స్వామి ఆగిపోయారు. భుజానికి ఆనించిన వేళ్ళు దించలేదు. నా వైపు తిరిగి, కదలకుండా నిలబడ్డారు. అంటే నియమం దొరికిందన్నమాట. జనంలో గుసగుస బయల్దేరింది. కానీ ఆయన లోపలికి రావాలంటే నేను ఇంకా రెండు మాటలు చెప్పాలి. ఆయన కాళ్ళు వణుకుతున్నాయి.

"మనసు ఒక విధంగా శుద్ధం స్వామీ," అన్నాను. "ఇప్పుడే ఉతికాను. ఇంకా ఆరలేదు. మాట కూడా అంతే."

ఆయన తల ఊపి గడప లోపలికి అడుగు పెట్టారు.

అన్నం పెట్టడానికి ఒకరు, నీళ్ళు పోయడానికి ఒకరు కావాలి. వెనక నుంచి మూట కింద పడిన చప్పుడు వినబడింది.

"తల గట్టిగా కట్టుకున్నావా అక్కా, ఈసారి?" అంది ఏచవ్వ.

మూడేళ్ళలో అది నాతో అన్న మొదటి మాట అదే. నా తలగుడ్డ చివరలు పట్టుకుని లాగి, కళ్ళు గుంజుకుపోయేలా ముడి వేసింది. తన తలకూ గుడ్డ చుట్టుకుంది. నీళ్ళ గిండి అందుకుంది.

స్వామి నిలబడి దోసిలి పట్టారు. ఇక్కడ ఇంకో కష్టం ఉంది. తినేటప్పుడు ఏడుపు వినబడినా వాళ్ళు దోసిలి విప్పేస్తారు. నాకు గొంతు దాకా వచ్చేసింది. పళ్ళు బిగించాను. ముద్ద వెంట ముద్ద పెట్టాను. ఏచవ్వ నీళ్ళు పోస్తూ మోచేత్తో నా డొక్కలో పొడుస్తోంది, ఏడ్చావంటే చంపుతాను అన్నట్టు. దాని కళ్ళు మాత్రం నిండిపోయి ఉన్నాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఇరవై ఆరు ముద్దలు పెట్టాం. ఆయన కాళ్ళు చివరిదాకా నిలిచాయి. ఆయన చెయ్యి కడుక్కుని, పీట మీద కూర్చున్నాక అప్పుడు ఏడ్చాం, ఇద్దరం, పెరట్లోకి పోయి, గోడకు చెరో వైపున.

తిరిగి వచ్చేసరికి బొప్పణసెట్టి స్వామిని నియమం అడుగుతున్నాడు. అన్నమైపోయింది గనుక చెప్పవచ్చు.

"చేతిలో ఏమీ పట్టుకోకుండా పిలిచే మనిషి దగ్గర తిందామనుకున్నాను," అన్నారు స్వామి. "ఏ ఊళ్ళోనైనా ఒక్క పేద గడప దొరుకుతుంది కదా అనుకున్నాను. మీరు రోజురోజుకీ ఇంకా ఇంకా పట్టుకొచ్చారు."

సెట్టి మొహం చూడాలి. అరటిగెలలూ అద్దాలూ అతనికి కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

"అయితే స్వామీ, నేను నిజం చెప్పినందుకు ఆగలేదన్నమాట. చేతులు ఖాళీగా ఉన్నాయని ఆగారు. అంతేనా?"

"అంతే. నేను చూసింది నీ చేతులే."

ఆయన నెమలీకల కుంచె అందుకుని, కూర్చున్న చోటిని మెల్లగా తుడిచి లేచారు.

"ఆ చెంబును నీ చేత ఎవరు దింపించారమ్మా?" అన్నారు. మరి మాట్లాడకుండా నేల చూసుకుంటూ మెట్ల వైపు నడిచారు.

చివరి అధ్యాయం ఆ వానాకాలంలో పూర్తయింది. అందులో ఏముందో నాకు సగం కూడా అర్థం కాలేదు. ఏచవ్వకు అర్థమైందట, అలా అని అది చెబుతుంది. గోడ ఇంకా ఉంది, కొట్టించడానికి మగవాళ్ళకు తీరిక లేదు. దానికి ఒక తలుపు పెట్టించాం. ఉడతకు దారి పైనే ఉంది కనుక దానికి ఇబ్బంది లేదు.

స్వాములు దిగే రోజుల్లో నా తలగుడ్డ ఏచవ్వే కడుతుంది. నొప్పి పుట్టేలా కడుతుంది. నేనేమీ అనను.