గీత దాటని ఎరుపు

పదకొండో గుండీ కాజా చుట్టూ దారం తిప్పి ముడి బిగించేసరికి కటింగ్ మాస్టరు లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఆ అదను కోసమే చూస్తోంది. ఒళ్ళో ఉన్న ఎర్ర కోటు పక్కన పెట్టి, సూది దాని కాలరుకే గుచ్చి, చప్పుడు కాకుండా కటింగ్ బల్ల కిందికి వంగింది.

ఇరవై రెండేళ్ళుగా ఆ దర్జీ దుకాణంలో ఆవిడ పని కాజాలు తీయడం, గుండీలు కుట్టడం. అందుకే అందరికీ కాజాలమ్మ. గుడ్డ కత్తిరించేది మాస్టరు. మిషను మీద కూర్చునేది ఆవిడ తమ్ముడి భార్య. వారం రోజులుగా ఆ ఇద్దరికీ ఒకటే గుసగుసలు. మాస్టరు కత్తెర మరదలి చేతికిచ్చి తను పక్కన నిలబడతాడు. ఈవిడ తలెత్తి చూస్తే ఇద్దరూ దారం రంగు గురించి మాట్లాడతారు. నిన్న బల్ల కింద, ముక్కగుడ్డల మూట వెనక ఏదో పెట్టి దుప్పటి కప్పారు. కాజాల మిషను. ఇంకేముంటుంది? నిమిషంలో నాలుగు తీసి పారేస్తుందట. అది వచ్చాక తను ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుకోవాలి.

చెయ్యి లోపలికి పోనిచ్చింది. చల్లగా ఇనప అంచు తగిలింది. అనుకున్నంతా అయిందనుకునేలోపే, దుప్పటి మడతల్లో నిద్రపోతున్న దుకాణం పిల్లి ఉలిక్కిపడి గోళ్ళు విసిరింది.

ఎడమ మణికట్టు మీద మూడు గీతలు. రెండు తెల్లగా ఉన్నాయి. మూడోదాంట్లో నెత్తురు చుక్కలుగా పొడుచుకొచ్చింది.

“ఏం వదినా, బల్ల కింద పుట్టిల్లేమైనా ఉందా?” మరదలు మిషను ఆపింది.

“గుండీ దొర్లింది.”

“నీ చేతిలోంచి గుండీ దొర్లడమా! ఇవాళ వాన ఖాయం.”

మాస్టరు తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఏమైంది?” అన్నాడు.

“పిల్లి గీరింది. చిన్నదే.”

అన్నాక తనే హడలిపోయింది. ఆ మాట ఆవిడ భర్తది. రేకు గీసుకున్న కాలికి మాసిన గుడ్డ చుట్టి “చిన్నదే” అన్నాడు. నాలుగో రోజుకి ఎరుపు తొడదాకా పాకింది. ఆసుపత్రి బండి ఎక్కుతూ “పోతున్నా” అన్నాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఆవిడ ముందు ఎవరూ “పోతున్నా” అనకూడదు. మాస్టరు మాత్రం ప్రతి సాయంత్రం గొడుగు తీసుకుని కావాలనే “పోతున్నానమ్మోయ్” అంటాడు. “వస్తాననండి” అని ఈవిడ గదమాయిస్తుంది. అప్పుడే ఆ దుకాణం మూసినట్టు లెక్క.

మాస్టరు ఆవిడని కుళాయి దగ్గర నిలబెట్టాడు. “సబ్బు రాసి పావుగంట కడుగు. రుద్దకు, నీళ్ళు పారనీ.”

“పావుగంటా? ఒంటి రంగంతా దిగిపోతుంది.”

“కాఫీ పొడి అద్దితే పోలా?” మరదలు లోపల్నించే అరిచింది.

“గాయంలో కాఫీ కాస్తావా? నువ్వు మిషను తొక్కు.”

ఈయనకెందుకింత ప్రేమ ఇవాళ? సాగనంపేవాళ్ళే ఇలా ప్రేమ ఒలకబోస్తారు, అనుకుంది ఆవిడ.

వీధి చివర ఆసుపత్రికి కూడా ఆయనే తీసుకెళ్ళాడు. మెట్టు దిగుతూ తడబడి ఆవిడ భుజం పట్టుకున్నాడు. రోజూ దిగే మెట్టే. ఇదో కొత్త నాటకం కాబోలు. నర్సు గాయం మళ్ళీ కడిగి, పిల్లికి టీకా ఉందా అని అడిగింది. మాస్టరు జేబులోంచి మడతలు విరిగిన కార్డు తీశాడు. పిల్లికి ఏటేటా టీకా వేయిస్తున్నాడని ఆవిడకి ఇన్నేళ్ళూ తెలియదు. ఇంకా ఏమేం దాచాడో!

కార్డు ఉన్నా డాక్టరు రెండు ఇంజెక్షన్లు వేయించి, మళ్ళీ ఎప్పుడెప్పుడు రావాలో చీటీ రాశాడు. నర్సు గాయం మీద పలచని గాజుగుడ్డ అంటించి, ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసింది. “ఈ గీత దాటినా, వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే రండి. పిల్లిని కూడా పది రోజులు కనిపెట్టి ఉండండి.”

దుకాణానికి రాగానే మాస్టరు పిల్లి గిన్నె పక్కన గోడ మీద నీలం సుద్దతో పది నిలువు గీతలు గీసి, మొదటిదాన్ని అడ్డంగా కొట్టేశాడు. “మిగతావి నువ్వు కొట్టు. అది తింటోందా, మామూలుగా ఉందా చూసుకో.”

“మీరు చూడరా?”

“నీ చెయ్యి కదా.”

ఆవిడకి ఒళ్ళు మండింది. కోటు అందుకుంది. బ్యాండు వాళ్ళ కోట్లు పన్నెండు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. ఎర్రటి ముతక గుడ్డ. పక్కన మరదలి మిషను గడగడలాడుతోంది. ఆవిడ గంటకోసారి మణికట్టు చూసుకుంటోంది. మూడింటికి చూస్తే ఎరుపు గీత దాటింది. వేలెడు మేర, అరచేతి వైపు.

సబ్బు మంచిది కాదేమో. ఇంజెక్షన్ సూది పాతదేమో. ఇది చిన్నదేనా? పరిగెత్తి చెయ్యి మాస్టరు ముందు చాపింది. ఆయన దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దూది తడిపి గీత అవతల మెల్లగా ఒత్తాడు. దూది ఎర్రబడింది. చర్మం మామూలుగా ఉంది.

“చెమటకి కోటు రంగు దిగింది. చేతికేం కాలేదు, నీ కోటుకే జబ్బు.”

మరదలు పగలబడి నవ్వింది. ఆవిడకీ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళతో పాటు.

చివరి కోటు చివరి గుండీ కుడుతుండగా గుమ్మం దగ్గర గొడుగు చప్పుడైంది.

“వస్తానమ్మా.”

“ఊఁ,” అంది తల ఎత్తకుండా. దారం కొరికింది. అప్పుడు తట్టింది. తను దిద్దకుండానే ఆయన వస్తానన్నాడు.

తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. బల్ల కిందికి వంగి చూసింది. దుప్పటి మడతపెట్టి ఉంది. దుమ్ములో పెట్టె ఈడ్చిన చారలు.

“మిషను ఏది?”

“ఏ మిషను?” మరదలు ఈ సారి నవ్వలేదు. “అది మాస్టారు బట్టల పెట్టె వదినా. మీరిద్దరూ ఆసుపత్రికెళ్ళినప్పుడు వెనక వైపు నుంచి బండికెక్కించాను. వాళ్ళన్న ఊరికి. ఇక రాడు. చూపు పోతోందట, గుడ్డ మీద గీత కనబడటం లేదట. అందుకే నాకు కత్తెర నేర్పాడు. నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు ఏడిస్తే చూడలేనన్నాడు.”

ఆవిడ ఏడవలేదు. మణికట్టు చూసుకుంది. ఎరుపు గీత లోపలే ఉంది. పిల్లి వచ్చి, పెట్టె ఉన్న చోట వాసన చూసి, గిన్నెలో పాలు తాగడం మొదలుపెట్టింది. మామూలుగానే తాగుతోంది.

గోడ మీద ఇంకా తొమ్మిది గీతలు. వాటి కింద కిటికీ అంచున, అరిగి సగమైన నీలం సుద్దముక్క, ఒక పక్క మాస్టరు బొటనవేలు పట్టేంత గుంటతో.