తులి, తూలి

ఆ శనివారం హెన్రీకా చేయవలసిన పనులు: తొమ్మిదింటికి నేలమాళిగలో బట్టల మిషన్ వంతు. గాయాలకు కట్లు కట్టే పాఠం చదవడం. అమ్మకు ఫోను. మెట్ల ముందు మంచు తీయడం. ఫ్రిజ్ ఆపడం. తౌనో గారి పాట రికార్డు చేయడం. ఆరింటికి ఆవిరిస్నానం.

పాట పని ఐదు నెలలుగా ఒక కాగితం మీంచి ఇంకో కాగితం మీదికి మారుతూ వస్తోంది. మిగతావన్నీ ఏ వారానికావారం కొట్టేసినవే. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. తల్లి బడి వంటశాలలో గరిటె తిప్పుతుంది. రాసుకున్న పని చేయకపోతే ఎవరో వచ్చి సీటు లాక్కుంటారన్న భయం మూడో ఏడు నర్సింగులోనూ పోలేదు.

హెన్రీకా పొడగరి. అలమారలో నిలబడీ నిలబడీ భుజాలు ముందుకు వంగిపోయాయి. ఆసుపత్రి సబ్బుకు వేళ్ల కణుపులు పగిలి ఎర్రగా ఉంటాయి. ఆ అలమారలోనే, చలికోట్ల మధ్య మైకు వేలాడదీసి, పాతకాలపు నాట్యశాలల పాటలు పాడి నెట్‌లో పెడుతుంది. నాలుగేళ్లు, నూటపన్నెండు పాటలు. వినేవాళ్లు అరవైమంది. రాసేది మాత్రం ఒక్కరే. ప్రతి పాట కిందా అవే మాటలు: “విన్నాను. బాగుంది. తౌనో, ఈసల్మి.”

ఆగస్టులో ఆ ఈసల్మి ఊరి పెద్దాయన మొదటిసారి ఇంకో వాక్యం రాశాడు. చెరువుగట్టు నాట్యశాలలో తన భార్య పాడుతూ ఆడిన పాట ఒకటుంది, పాడతారా, అని. అయిదు నెలలుగా హెన్రీకా ఆ పాట సాధన చేస్తూనే ఉంది. ఒకరోజు గొంతు జీర. ఒకరోజు పైఅంతస్తులో సుత్తి చప్పుడు. పరీక్షలా చూసుకుంది దాన్ని. పూర్తిగా వచ్చేదాకా కూర్చోకూడదు.

పోయిన ఆదివారం పక్కగదిలో ఉండే ఓనా దాన్ని పాడేసింది. కిటికీలో ఫోను ఆనించి, తలకు తువ్వాలు చుట్టుకునే, ఒక్కసారి. నాలుగువేలమంది విన్నారు. కింద ఓనా ఇలా రాసింది: “పక్కగది హెన్రీకా దగ్గర గోడలోంచి నేర్చుకున్నాను.” దాని కింద తౌనో: “మా ఆవిడ పాట. చాలా సంతోషమమ్మా.”

తనకు నాలుగేళ్లలో ఒక్క ‘అమ్మా’ దక్కలేదు.

ఆ నాలుగువేలలో కనీసం ముప్పైసార్లు విన్నది హెన్రీకాయే. తప్పు వెతకడానికి. ఈ ఉదయం బట్టలు మిషన్‌లో గిరగిర తిరుగుతుంటే, ముప్పై ఒకటోసారి, దొరికింది. ఫిన్నిష్‌లో తులి అంటే నిప్పు. తూలి అంటే గాలి. ‘నీ కిటికీలో నిప్పు చూసి దారి మళ్లాను’ అని పాట. ఓనా గాలి అని పాడింది. తడిబట్టల బుట్టతో రెండేసి మెట్లు ఎక్కి పైకి వచ్చింది హెన్రీకా. కడుపులో ఇన్నాళ్ల మంట మీద చల్లటి నీళ్లు పోసినట్టుంది.

ఓనా వంటింట్లో నిలబడే రొట్టె నములుతోంది.

“ఇవాళ కూడా అలమారలోనేనా కాపురం?”

“నీకేం తల్లీ, నోరు తెరిస్తే చాలు.”

“నువ్వూ తెరువు. ఎవరొద్దన్నారు?”

“తెరిచేముందు మాట చూసుకోవాలి. తులిని తూలి చేశావు. దీర్ఘం పెట్టి.”

ఓనా నమలడం ఆపింది. “నువ్వలాగే పాడావు కదే! ఐదు నెలలు నా మంచం పక్క గోడలోంచి విన్నది అదే. అక్కడికొచ్చేసరికి లాగీ లాగీ ప్రాణం తీశావు.”

“నేనా? చస్తే పాడను.”

“అయితే గోడ పాడిందిలే.”

హెన్రీకా గదిలోకి వెళ్లి సాధన రికార్డులు తీసింది. సెప్టెంబరుది, అక్టోబరుది, నవంబరుది. రాగం అక్కడ నిలబడుతుంది. ఆ నిలబడటంలో తనే పొట్టి అచ్చును బారుగా సాగదీసింది. నిప్పు ఆరి గాలి అయింది. తప్పు తనదే. అయినా అది ఓనా నోట్లోంచి లోకానికి తెలిసిందన్న తృప్తి కాస్త మిగిలింది. ఆ తృప్తికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే, రొద రికార్డులో పడకుండా ఫ్రిజ్ ఆపి, మళ్లీ వేయడం మరిచిపోకుండా ఇంటితాళాలు అందులో పెట్టి, అలమారలో దూరింది.

పద్నాలుగుసార్లు పాడింది. తులి దగ్గర అచ్చు తుంచేసి, చివరి ‘లి’ మీద ఊపిరి నిలిపింది. పద్నాలుగోది బాగా వచ్చింది. తనకే తెలిసింది. మూడింటికి పాట పెట్టి, కింద రాసింది: “ఈసారి సరైన మాటలతో.”

తరవాత మంచు తీయడానికి కిందికి దిగింది. పార ఒకసారి దింపినప్పుడల్లా చేతితొడుగు తీసి ఫోను చూసుకుంది. తౌనో శనివారాలు మధ్యాహ్నమే వింటాడు. ఆయన ఒక్క ‘అమ్మా’ అంటే చాలు. ఓనాకు రాసినదానికంటే ఒక్క మాట ఎక్కువ రాస్తే చాలు.

అయిదు దాటాక జవాబు వచ్చింది. ఆయన పేరు మీదే, కానీ బారుగా ఉంది.

“నేను తౌనో గారి కూతురు మర్యుత్‌ని. నాన్న గురువారం పొద్దున కుర్చీలోనే పోయారు. ఎనభై ఒకటి. ఈ వారమంతా ఓనా పాట పెట్టుకుని నవ్వారు. ఈ పిల్ల కూడా మీ అమ్మలాగే తప్పు పాడుతోందే అని. అమ్మ బతికినంతకాలం తూలి అనే పాడేది. నాన్న అన్నాళ్లూ దిద్దారు. ఆ హెన్రీకా అయితే సరిగ్గా పాడుతుంది, ఆవిడ పాడేదాకా ఉంటానన్నారు. ఇంట్లో ఇప్పుడు మీ పాట పెట్టాం.” ఆ కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి.

హెన్రీకా మెట్ల మీద కూర్చుంది. మంచు కోటులోంచి ఒంటికి తగిలేదాకా కూర్చుంది. స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని ఓనా దిగివచ్చింది. ఫోనులోకి వంగి చదివింది. పార అందుకుని మిగిలిన రెండు మెట్ల మీది మంచూ తీసింది.

“ఆయనకి నీ పాట నచ్చింది,” అంది హెన్రీకా.

“నీకోసం ఆగాడు కదే.”

ఆగిన మనిషికి తను అందించలేకపోయింది. ఆగకుండా పాడిన ఓనా అందించింది.

హెన్రీకా ఫోను తీసి, పాట కింద ‘సరైన మాటలతో’ అన్నది చెరిపేసింది. చలికి వేళ్లు కదలక తప్పులు పడుతుంటే దిద్దుకుంటూ, మర్యుత్ చివరి రెండు వాక్యాల్లోని సంగతే తిరిగి రాసింది:

“ఈ పాట వినేవాళ్లు ఈసల్మి తౌనో రూస్కానెన్‌ను ఒకసారి తలుచుకోండి. నలభై ఏళ్లు టపా బస్సు నడిపి, ఒక్క ఊరికీ ఆలస్యంగా చేరలేదట. పాటలు వినడానికి కొనుక్కున్న హెడ్‌ఫోన్లు, ఎడమ చెవి మెత్త అరిగిపోయి, ఇంకా ఆయన కుర్చీ చేతికే వేలాడుతున్నాయి.”